గెలిచిన ఫిర్యాదు

ఈస్ట్ లండన్‌లో అప్టన్ పార్క్ అని ఒక ట్యూబ్ స్టేషన్ ఉంది. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఆ పేరు చెబితే చాలు, వెస్ట్ హామ్ యునైటెడ్ అంటారు. ఆ క్లబ్బు 1904 నుంచి 2016 దాకా ఈ స్టేషన్‌కి దగ్గర్లోని బొలీన్ గ్రౌండులో ఆడింది. గ్రౌండు అసలు పేరు బొలీనే అయినా జనం నోట అప్టన్ పార్క్ అయి కూచుంది. అలా తన పేరు పోగొట్టుకున్న క్లబ్బు ఒకటి ఉండేది: అప్టన్ పార్క్ ఫుట్‌బాల్ క్లబ్. 1866లో పుట్టింది, మధ్యలో ఒకసారి మూతపడి మళ్ళీ లేచింది, 1911లో పూర్తిగా పోయింది. వెస్ట్ హామ్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. డబ్బు పుచ్చుకోకుండా సరదాకి, పరువుకి ఆడుకున్న శివారు పెద్దమనుషుల క్లబ్బు అది. ఇప్పటికీ నడుస్తున్న ఫుట్‌బాల్ కప్పు పోటీల్లో ప్రపంచంలోకెల్లా పాతదైన దానిలో మొదటి గోలు పడింది దాని మీదే. ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ గెలిచిన మొదటి జట్టూ అదే. ఇంగ్లండులో ఆటగాళ్ళకి జీతాలివ్వడం చట్టబద్ధమవడానికి కూడా అదే కారణం. అయితే ఇవ్వాలని కాదు, ఇవ్వకూడదని కొట్లాడి!

మా అన్నయ్య కొడుకు ఈస్ట్ హామ్‌లో ఉంటాడు. లండన్ చేరిన మన పిల్లల్లో చాలామందికి ఆ చుట్టుపక్కలే మొదటి మజిలీ. హై స్ట్రీట్ నార్త్ మీద నడుస్తుంటే దోసె బోర్డులు, మహాలక్ష్మి అమ్మవారి గుడి, బస్టాపులో ఎవరో కుర్రాడు “ఒరేయ్, రూమ్ తాళం నీ దగ్గరే ఉందిరా” అని ఫోన్లో అరవడం. ఊరు మారిందన్న సంగతి చలి గుర్తు చేయాల్సిందే. అప్టన్ పార్క్ అక్కడికి ఒక్క స్టేషను.

“వందేళ్ళ కింద మూసేసిన క్లబ్బులో చూడ్డానికి ఏముంటుంది బాబాయ్? వెస్ట్‌మినిస్టర్ పోదాం పద” అన్నాడు మావాడు.

“వెస్ట్‌మినిస్టర్ ఎక్కడికీ పోదులేరా.”

క్వీన్స్ మార్కెట్‌లో కూరగాయలు కొనే పని వాడికి ఎలాగూ ఉంది. ఆ వంకన బయల్దేరాడు.

స్టేషన్ బయటికి రాగానే గ్రీన్ స్ట్రీట్. బంగారు కొట్లు, చీరల కొట్లు, అద్దాల వెనక పెళ్ళి లెహంగాలు. మార్కెట్లో కాకరకాయలు, బెండకాయలు, పెట్టెల్లో మామిడిపళ్ళు. బేరాలు ఉర్దూలో, బెంగాలీలో, గుజరాతీలో, తమిళంలో. ఈ వీధి చివర, బార్కింగ్ రోడ్డు మూల మీద కంచు విగ్రహం ఒకటి ఉంది. 1966 ప్రపంచకప్పు గెలిచిన రోజున బాబీ మూర్‌ని భుజాలకెత్తుకున్న దృశ్యం. అందులోని నలుగురిలో ముగ్గురు, మూర్, హర్స్ట్, పీటర్స్, వెస్ట్ హామ్ వాళ్ళే. విగ్రహం మిగిలింది గానీ గ్రౌండు లేదు. పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారు. వెస్ట్ హామ్ ఇప్పుడు స్ట్రాట్‌ఫర్డ్‌లో 2012 ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియంలో ఆడుతోంది. ఒలింపిక్ విజేత పేరు వాడుకున్నవాళ్ళు చివరికి ఒలింపిక్ స్టేడియానికే చేరారు. దీన్ని చూసి నవ్వుకోవడానికి అసలు అప్టన్ పార్క్ వాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.

మేం వెళ్ళాల్సింది రెండో దిక్కుకి. గ్రీన్ స్ట్రీట్ మీద ఉత్తరానికి నడిచి, ప్లాషెట్ రోడ్డు పట్టుకుని పడమరగా పోతే వెస్ట్ హామ్ పార్కు వస్తుంది. పేరులో వెస్ట్ హామ్ ఉందని మళ్ళీ తికమకపడకండి. అప్టన్ పార్క్ క్లబ్బు ఆడింది వెస్ట్ హామ్ పార్కులో. వెస్ట్ హామ్ క్లబ్బు ఆడింది అప్టన్ పార్కులో. మావాడికి ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. “ఎవరో కావాలని చేసినట్టుంది” అని తేల్చేశాడు.

పార్కు 77 ఎకరాలు. పెద్ద చెట్లు, పూలమళ్ళు, బ్యాండ్‌స్టాండ్, క్రికెట్ నెట్లు, ఆటస్థలాలు. పద్దెనిమిదో శతాబ్దంలో జాన్ ఫాదర్‌గిల్ అనే వైద్యుడు ఇక్కడ దేశదేశాల మొక్కలు తెచ్చి పెంచాడు. తరవాత ఈ తోట, ఇందులోని హామ్ హౌస్ క్వేకర్ బ్యాంకర్లయిన గర్నీల చేతికొచ్చాయి. జైళ్ళలో ఆడవాళ్ళ దుస్థితి మీద పోరాడిన ఎలిజబెత్ ఫ్రై, వాళ్ళలో ఒకరైన శామ్యూల్ గర్నీకి తోబుట్టువు. ఆవిడ ఈ పక్కనే అప్టన్ లేన్‌లో చాలా ఏళ్ళు కాపురమున్నారు. ఆపరేషన్ గదిలో క్రిములను చంపాలని లోకానికి నేర్పిన జోసెఫ్ లిస్టర్ కూడా 1827లో అప్టన్‌లోనే పుట్టాడు. ఒక చిన్న పేటకి ఇంత వంశవృక్షం! గర్నీల పేరున్న ఓవరెండ్ గర్నీ కంపెనీ 1866 మేలో దివాలా తీసి లండన్ వ్యాపార లోకాన్నంతటినీ వణికించింది. ఆ ఏడే ఈ ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టింది. 1872లో హామ్ హౌస్‌ని పడగొట్టారు. గర్నీ కుటుంబం కొంత వదులుకుని, సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్ కొంత పెట్టుకుని, చుట్టుపక్కలవాళ్ళు చందాలు వేసుకుని 1874లో దీన్ని జనానికి పార్కుగా తెరిచారు. ఇప్పటికీ నడిపేది ఆ కార్పొరేషనే. మేడ ఉన్నచోట దాని రాళ్ళనే గుట్టగా పేర్చిపెట్టారు. మావాడు ఆ గుట్ట మీద సంచీ పెట్టి కూరగాయలు సర్దుకున్నాడు.

మేం వెళ్ళేసరికి కొందరు కుర్రాళ్ళు బంతికి టేపు చుట్టుకుని క్రికెట్ ఆడుతున్నారు. ఫుట్‌బాల్ కనపడలేదు. కనపడనిదాన్ని ఊహించుకోవడమే నా పని కాబట్టి 1871 నవంబరు 11ని ఊహించుకున్నాను. ఎఫ్.ఏ. కప్పు, అంటే ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ కప్పు, మొట్టమొదటి రౌండు ఆ శనివారమే. పోటీకి పేరిచ్చినవి మొత్తం 15 క్లబ్బులు. అప్టన్ పార్క్ తన సొంత గ్రౌండులో క్లాపమ్ రోవర్స్‌తో తలపడింది. ఇప్పటి ఆటగా ఊహించుకుంటే తప్పే. గోలుకి పైన అడ్డకర్ర ఉండేది కాదు, రెండు గుంజలకి అడ్డంగా టేపు కట్టేవాళ్ళు. వెనక వల లేదు. వల రావడానికి ఇంకో ఇరవయ్యేళ్ళు పట్టింది. పెనాల్టీ కిక్కు లేదు. పెద్దమనిషన్నవాడు కావాలని తప్పాట ఆడడు గదా, అన్నది ధీమా. పక్కకో అంపైరు చొప్పున ఇద్దరుండి, జట్లవాళ్ళు అడిగితేనే నోరు విప్పేవాళ్ళు. గోలు పడినప్పుడల్లా జట్లు అటుదిటు మారేవి. ఆ పద్ధతిలో ఒకవైపు నుంచి దూసుకొచ్చి జార్విస్ కెన్రిక్ అనే రోవర్స్ కుర్రాడు గోలు కొట్టాడు. ఎఫ్.ఏ. కప్పు చరిత్రలో మొదటి గోలు అదేనని లెక్క. మ్యాచ్ 3-0తో క్లాపమ్ గెలిచింది. కెన్రిక్ తరవాత వాండరర్స్ జట్టులో చేరి కప్పు మూడుసార్లు ఎత్తాడు. ఇప్పుడు ఆ వాండరర్సూ లేదు, ఆ క్లాపమ్ రోవర్సూ లేదు. గోలు కొట్టినవాళ్ళూ, తిన్నవాళ్ళూ అందరూ కలిసే పోయారు.

అంతమాత్రాన అప్టన్ పార్క్‌ని చేతకాని జట్టనుకోవద్దు. లండన్ సీనియర్ కప్పు మొదలైన రెండేళ్ళూ, అంటే 1883లోనూ, 1884లోనూ దాన్ని గెలిచింది. ఇంగ్లండు జట్టుకి ఆటగాళ్ళని ఇచ్చింది: గోల్‌కీపర్ కాన్రాడ్ వార్నర్, ఫార్వర్డ్ క్లెమెంట్ మిచెల్. నాకు అందరికంటే నచ్చినవాడు సెగార్ బాస్టర్డ్. వృత్తికి లాయరు. ఇంగ్లండుకి ఫుట్‌బాల్ ఆడాడు, ఎసెక్స్‌కి క్రికెట్ ఆడాడు, 1878 ఎఫ్.ఏ. కప్పు ఫైనల్‌కి రిఫరీగా ఉన్నాడు, మరుసటి ఏడు ఇంగ్లండు–వేల్స్ మధ్య జరిగిన మొదటి మ్యాచ్‌కీ ఆయనే రిఫరీ. ఆయన ఇంటిపేరు ఇంగ్లీషులో బూతుమాట. రిఫరీ అయ్యాక ఆ పేరుతో ఎన్ని కేకలు విని ఉంటాడో!

ఇక ఫిర్యాదు సంగతి.

1884 జనవరి 19న ఎఫ్.ఏ. కప్పు నాలుగో రౌండులో అప్టన్ పార్క్ వాళ్ళు ఉత్తరాన లాంకషైర్ వెళ్ళి ప్రెస్టన్ నార్త్ ఎండ్‌తో ఆడారు. మ్యాచ్ 1-1 దగ్గర ఆగింది. ఆట అవగానే ప్రెస్టన్ వాళ్ళు డబ్బిచ్చి ఆటగాళ్ళని తెచ్చుకున్నారని అప్టన్ పార్క్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కి ఫిర్యాదు పెట్టింది. అప్పటి నిబంధనల ప్రకారం అది నేరం. ప్రెస్టన్ క్లబ్బు నడిపేది విలియం సడెల్, ఒక నూలు మిల్లు మేనేజరు. ఇలాంటి కేసుల్లో ఎవరైనా బుకాయిస్తారు. సడెల్ బుకాయించలేదు. స్కాట్లండ్ నుంచి ఆటగాళ్ళని తెచ్చామనీ, వాళ్ళకి ఊళ్ళో మంచి ఉద్యోగాలు చూపించామనీ, మేమొక్కళ్ళమే కాదు చుట్టుపక్కల అందరూ అదే చేస్తున్నారనీ కుండబద్దలు కొట్టాడు. ప్రెస్టన్‌ని పోటీలోంచి వెళ్ళగొట్టారు. అప్టన్ పార్క్ ఫిర్యాదు నెగ్గింది, తరవాతి రౌండుకి పోయింది. అక్కడ బ్లాక్‌బర్న్ రోవర్స్ చేతిలో 3-0తో ఓడింది. ఆ బ్లాక్‌బర్న్ కూడా లాంకషైర్ మిల్లు పట్టణపు జట్టే. ఆ ఏడు కప్పు వాళ్ళే పట్టుకుపోయారు.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని మన సామెత. సడెల్ చెప్పిన నిజం బయటపడ్డాక ఉత్తరాది క్లబ్బులు ఊరుకోలేదు. నిబంధన మార్చకపోతే మా అసోసియేషన్ మేం పెట్టుకుంటామని ఆ శరదృతువులోనే బెదిరించాయి. 1885 జూలైలో ఎఫ్.ఏ. దిగొచ్చి ఆటగాడికి డబ్బివ్వడం తప్పు కాదని ఒప్పుకుంది. రెండేళ్ళకి, 1887లో, అప్టన్ పార్క్ మూతపడింది. ఆ మరుసటి ఏడు ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. మొదటి సీజన్‌లో ఒక్క మ్యాచూ ఓడకుండా లీగ్ గెలిచి, ఒక్క గోలూ ఇవ్వకుండా ఎఫ్.ఏ. కప్పు గెలిచిన జట్టు ఏదనుకున్నారు? సడెల్ గారి ప్రెస్టనే.

అప్టన్ పార్క్ వాళ్ళు దుర్మార్గులని నేననను. వాళ్ళకి ఆట అంటే శనివారపు సరదా. శనివారం ఆడితే వాళ్ళ జేబుకి చిల్లు పడదు. నూలు మిల్లులో పనిచేసేవాడికి శనివారం మధ్యాహ్నం సెలవు దొరికిందే 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం పుణ్యమా అని. ఆడవాళ్ళూ, కుర్రకారూ రెండు గంటలకల్లా పని ఆపాలని అందులో రాశారు, దాంతో మిల్లే ఆగేది. సొంతూరి గ్రౌండులో ఆడటానికి ఆ పూట చాలు. రైలెక్కి లండన్ పోయి కప్పు మ్యాచ్ ఆడాలంటే చాలదు. పని మానాలి, కూలి పోతుంది. ఆ పోయిన కూలి ఎవరో ఒకరు ఇవ్వాలి. ఈ లెక్క అప్టన్ లేన్ వైపు పెద్దమనుషుల పుస్తకాల్లో ఎక్కడా రాలేదు. డబ్బు పుచ్చుకోకపోవడం గొప్పే, డబ్బున్నవాడికి.

ఆ రాళ్ళగుట్ట దగ్గర మావాడికి ఈ కథ చెబుతుంటే హైదరాబాదు గుర్తొచ్చింది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ చేతిలో తయారైన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు మన దేశపు రోవర్స్ కప్పు గెలిచింది. వాళ్ళంతా కాగితం మీద అమెచ్యూర్లు, అంటే ఆటకి జీతం లేనివాళ్ళు. పోలీసు ఉద్యోగమే వాళ్ళ జీతం, గ్రౌండే డ్యూటీ. రహీమ్ సాబ్ శిక్షణలోనే 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానానికి ఎగబాకింది. సికింద్రాబాద్ శివారు అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ఆ జట్టులో ఉన్నాడు. ఉద్యోగం చూపించి ఆడించడం నేరమైతే సడెల్ చేసినదీ అదే, మనవాళ్ళు చేసినదీ అదే. అప్టన్ పార్క్ ఫిర్యాదు నిబంధనలు మెల్బోర్న్‌లో అక్షరాలా పట్టించుంటే ఆ నాలుగో స్థానం కాదు కదా, విమానం టికెట్టు కూడా దక్కేది కాదు.

“అయితే వీళ్ళు విలన్లా బాబాయ్?” అన్నాడు మావాడు.

“కాదురా. కిటికీలోంచి వీధి చూసి తీర్పు చెప్పేరకం.”

1891లో అప్టన్ పార్క్ మళ్ళీ లేచింది. అప్పటికి పెద్ద కప్పులు జీతగాళ్ళవి, వీళ్ళకి మిగిలింది అమెచ్యూర్ల పోటీలు. కానీ ఆ రెండో జన్మలోనే దానికి పారిస్ యోగం పట్టింది. 1900 ఒలింపిక్స్ అంటే పారిస్ ప్రపంచ ప్రదర్శనకి అనుబంధంగా మే నుంచి అక్టోబరు దాకా సాగిన తంతు. తాము ఆడుతున్నది ఒలింపిక్సేనని తెలియని ఆటగాళ్ళు కూడా ఉన్నారు. ఫుట్‌బాల్‌కి వచ్చినవి మూడే జట్లు. సెప్టెంబరు 20న వాన్సెన్‌లోని సైకిల్ పందేల మైదానంలో అప్టన్ పార్క్ ఫ్రాన్స్ జట్టుని 4-0తో ఓడించింది. నికొలస్ రెండు గోల్స్, టర్నర్ ఒకటి, జీలీ ఒకటి. మూడు రోజుల తరవాత ఫ్రాన్స్ బెల్జియంని 6-2తో ఓడించింది. అక్కడికి టోర్నమెంట్ సరి. బంగారం, వెండి, కంచు పతకాల పద్ధతి అప్పటికింకా రాలేదు. మొదటి స్థానం అప్టన్ పార్క్‌దని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ తన లెక్కల్లో తరవాత ఎక్కించుకుంది. ఫిఫా మాత్రం ఆ పోటీని ప్రదర్శన మ్యాచ్‌ల కిందే జమ కట్టింది. ఒక్క మ్యాచ్ ఆడి, గెలిచి, పడవెక్కి ఇంటికి పోయిన ఒలింపిక్ విజేతలు!

ఆ పదకొండుగురిలో క్లాడ్ బకెన్‌హమ్ అని ఒకడున్నాడు. ఎసెక్స్ ఫాస్ట్ బౌలరు. 1909–10లో ఇంగ్లండు తరఫున దక్షిణాఫ్రికాలో నాలుగు టెస్టులాడాడు. ఆయన్ని క్రికెట్ పుస్తకాలు గుర్తుపెట్టుకున్నాయి. మిగతావాళ్ళలో కొందరికి పొడి అక్షరాలు తప్ప పూర్తి పేరు దొరకడం కూడా కష్టం. ఒలింపిక్ ఫుట్‌బాల్ గెలిచిన మొదటి గోల్‌కీపర్ పేరు జె. హెచ్. జోన్స్. లండన్‌లో జోన్సులకి కొదవా?

1911లో క్లబ్బు రెండోసారి మూతపడింది. అదే ఏడు ఆగస్టులో సడెల్ కేప్‌టౌన్‌లో చనిపోయాడు. ప్రెస్టన్ జట్టు కోసం మిల్లు డబ్బు వాడేసినందుకు 1895లో మూడేళ్ళ జైలుశిక్ష పడి, బయటికొచ్చాక దక్షిణాఫ్రికా వెళ్ళి పత్రికలకి ఆటల వార్తలు రాసుకుంటూ బతికాడాయన. ఆ ఫిర్యాదులో ఇరుపక్షాలూ ఒకే ఏడు వెళ్ళిపోయాయి. ఇద్దరిలో ఎవరి పక్షమని అడిగితే, జైలుకి పోయినవాడి పక్షమే నాది. దొంగలెక్క రాసినా ఆటగాడి పొట్ట సంగతి మొదట పైకి చెప్పింది ఆయనే.

పార్కు తూర్పు గేటులోంచి అప్టన్ లేన్ మీదకొచ్చి, ఉత్తరానికి కొన్ని నిమిషాలు నడిస్తే ఓల్డ్ స్పాటెడ్ డాగ్ గ్రౌండు వస్తుంది. పాత కొయ్య కట్టడపు పబ్బు వెనకాల ఇళ్ళ మధ్య ఇరికిన చిన్న మైదానం. 1888 నుంచి చాలాకాలం ఇక్కడ ఆడింది క్లాప్టన్ క్లబ్బు. వాళ్ళూ జీతాలు లేకుండా ఆడినవాళ్ళే, ఎఫ్.ఏ. అమెచ్యూర్ కప్పు ఐదుసార్లు గెలిచారు. తరవాత మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో అధికారి అయిన నల్లజాతి ఆటగాడు వాల్టర్ టల్ 1909లో గెలిచిన క్లాప్టన్ జట్టువాడే. యాజమాన్యంతో పడక 2018లో అభిమానులే క్లాప్టన్ కమ్యూనిటీ అని వేరే క్లబ్బు పెట్టుకుని, 2020లో ఆ గ్రౌండుని కొనేశారు. అప్టన్ పార్క్‌కి అలాంటి అభిమానులు దొరకలేదు. దొరకాలని ఆ క్లబ్బు ఎప్పుడైనా అనుకుందా అన్నది నా అనుమానం. 

తూర్పుగా ఇంకొంచెం పోతే ఇల్‌ఫర్డ్. అక్కడా ఒక అమెచ్యూర్ క్లబ్బు ఉండేది. 1929లో, 1930లో అమెచ్యూర్ కప్పు గెలిచి, 1974లో జరిగిన ఆఖరి అమెచ్యూర్ కప్పు ఫైనల్లో ఓడింది. ఆ ఏడే ఎఫ్.ఏ. అమెచ్యూరు, ప్రొఫెషనలు అన్న తేడాని రాతకోతల్లోంచి తీసేసింది. ఆడేవాళ్ళందరూ ఇక ఆటగాళ్ళే. ఐదేళ్ళకి ఇల్‌ఫర్డ్ పక్కూరి లేటన్‌స్టన్ క్లబ్బులో కలిసిపోయింది. ఇల్‌ఫర్డ్‌కీ మనకీ ఇంకో బంధం ఉంది. 1948 జూలై 31న స్వతంత్ర భారత జట్టు తన మొదటి ఒలింపిక్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడింది ఆ ఊళ్ళోనే, ఫ్రాన్స్ మీద. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా దిగారు. రెండు పెనాల్టీలు పోగొట్టుకున్నారు. సారంగపాణి రామన్ గోలు కొట్టి సమం చేశాక ఆఖరి నిమిషాల్లో ఫ్రాన్స్ ఇంకోటి వేసి 2-1తో గెలిచింది. అప్టన్ పార్క్ పెద్దమనుషుల ఆట అన్నదానికి నిజమైన వారసులెవరంటే, వాళ్ళు కలలో కూడా ఊహించని ఈ పదకొండు మంది అని నా లెక్క.

పిల్లల్ని చూడటానికి ఈస్ట్ హామ్ వచ్చే అమ్మానాన్నలకి ఒక మాట. లండన్ ఐ, మేడమ్ టుస్సాడ్స్ ఎలాగూ చూస్తారు. ఒక పూట వెస్ట్ హామ్ పార్కుకి కూడా కేటాయించండి. అప్టన్ పార్క్ స్టేషన్‌లో దిగినా చాలు, ప్లాస్టోలో దిగితే నడక ఇంకాస్త తక్కువ. ప్రవేశం ఉచితం. శనివారమైతే ఓల్డ్ స్పాటెడ్ డాగ్‌లో మ్యాచ్ ఉందేమో ముందే కనుక్కుని వెళ్ళండి.